మెయిన్ బోర్డులోని అపాయ సూచనలు: వానిని కనిపెట్టు విధము

మన సంఘ సభ్యుల యిండ్లలో ఒకప్పుడు రెండు దీపములును, ఒక పంకాయును మాత్రమే యుండెడివి. వసారా గోడకు కొట్టిన చెక్కపలకయు, దానిపై నొక మీటరును, రెండు పింగాణీ ఫ్యూజులును ఆ పాటి వాడుకకు చాలియుండెను. ఇప్పుడు ఉక్కు కర్మాగారములోను, ఓడరేవులోను, పరవాడ యొద్దనున్న సింహాద్రి విద్యుత్కేంద్రములోను పనిచేయు కుమారులు పండుగకు వచ్చినపుడు తల్లిదండ్రుల సుఖము కోరి ఏసీ యంత్రమును, గీజరును, ఇండక్షన్ పొయ్యిని తెచ్చి పెట్టుచున్నారు. సంతోషింపదగిన విషయమే. అయితే వస్తువులు మాఱినవి గాని గోడలోని తీగ మాఱలేదు. పెక్కిండ్లలో ఆ చెక్కపలక సయితము మాఱలేదు.

ఇట్టి యిండ్లలో ప్రమాదము ఒక్కసారిగా రాదు. కొన్ని దినముల ముందుగనో, కొన్ని నెలల ముందుగనో మెయిన్ బోర్డు తన బాధను తెలుపుచునే యుండును. ఆ గుఱుతులను రైతు తానుగా ఎట్లు కనిపెట్టవచ్చునో, ఎచ్చట తన చేతిని ఆపుకొనవలెనో తెలుపుటయే యీ పాఠముయొక్క ఉద్దేశము. బోర్డును విప్పుట నేర్పుటకు దీనిని వ్రాయలేదు. చూచుట, వినుట, వాసన పట్టుట, మూసియున్న మూతను తాకి వేడిని తెలిసికొనుట అను నాలుగు పనులు మాత్రమే మనవి. స్క్రూ త్రిప్పవలసిన పని యేదియు మనది కాదు.

ముందుగా పెట్టెలో నేమున్నదో యెఱుగవలెను. స్తంభమునుండి వచ్చిన సర్వీసు తీగ మొదట మీటరును చేరును. మీటరును, దానికి వేసిన సీలును కరెంటు సరఫరా చేయు సంస్థకు చెందినవి. మన ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఆ పనిచేయుచున్నది. సీలును త్రెంచుటకు ఎలక్ట్రీషియనుకు గూడ అధికారము లేదు. మీటరు దాటిన పిదప వచ్చు మెయిన్ స్విచ్చియు, భూమిలోనికి దొంగతనముగా పోవు కరెంటును పసిగట్టి తెగిపోవు ఆర్.సి.సి.బి.యు, ఒక్కొక్క గది తీగకు కావలిగా నుండు ఎం.సి.బి.లును మన ఆస్తి. వాని మంచి చెడ్డలకు మనమే బాధ్యులము. పాత యిండ్లలో ఎం.సి.బి.లకు బదులుగా పింగాణీ ఫ్యూజులుండును.

మెయిన్ స్విచ్చిని దించిన మాత్రమున పెట్టెలో కరెంటు లేదని తలపరాదు. స్విచ్చికి పైవైపున, అనగా మీటరునుండి వచ్చు తీగ బిగించిన చోట, 230 వోల్టులు ఎప్పటివలెనే యుండును. మూడు ఫేజులున్న యింట ఒక ఫేజుకును మఱియొక ఫేజుకును నడుమ సుమారు 400 వోల్టులుండును. ఇన్వర్టరున్న యింట మెయిన్ తీసిన వెంటనే బ్యాటరీనుండి కొన్ని తీగలకు మరల కరెంటు వచ్చును. ఇంటి కప్పుపై సౌరఫలకములున్నచో ఇంకొక చిక్కు కలదు. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము 2024 ఫిబ్రవరిలో వచ్చిన పిదప అట్టి యిండ్లు పల్లెలలో గూడ కనబడుచున్నవి. సూర్యుడున్నంత సేపును ఫలకములనుండి ఇన్వర్టరు వఱకు వచ్చు తీగలలో కరెంటు నిలిచియుండును. దానిని ఏ మెయిన్ స్విచ్చియు ఆపదు. ఇది ఏకముఖ ప్రవాహము గావున ఒకసారి మంట ఎత్తుకొన్నచో త్వరగా ఆఱదు. ఈ కారణములచేతనే మూత విప్పవలదని మరల మరల చెప్పుచున్నాను.

ఇక ప్రమాదము ఎట్లు పుట్టునో చిన్న లెక్కతో చూతము. తీగయొక్క బిగింపు గట్టిగా నున్నచో అచ్చట అడ్డు దాదాపు శూన్యము. స్క్రూ వదులై, త్రుప్పు పట్టి, అచ్చట అర ఓము అడ్డు ఏర్పడినదనుకొందము. పుట్టు వేడి కరెంటుయొక్క వర్గమును బట్టి పెరుగును. పాతకాలపు వాడుకలో 2 ఆంపియర్లు పాఱినపుడు ఆ చోట పుట్టు వేడి 2 వాట్లు. అది యెవరికిని తెలియదు. గీజరు వేసి 10 ఆంపియర్లు పాఱించినచో 50 వాట్లు. గీజరు, ఏసీ, ఇండక్షన్ పొయ్యి కలిసి 20 ఆంపియర్లు తీసికొన్నచో 200 వాట్లు. బొటనవ్రేలి గోరంత చోటున రెండువందల వాట్ల వేడి! తీగపై తొడుగుగా నుండు పి.వి.సి. మామూలుగా 70 డిగ్రీల వేడికి మాత్రమే తగినది. వాడుక పదింతలైనపుడు వేడి నూఱింతలగుటను చదువరులు గమనింపవలెను. తండ్రి కాలమున ఇరువది యేండ్లు నిలిచిన బిగింపు కుమారుని కాలమున ఒక వేసవిలో కాలిపోవుటకు కారణమిదియే.

ఇందులో మఱియొక సూక్ష్మము కలదు. మీది లెక్కలో 20 ఆంపియర్లు పాఱుచున్నను, ఎం.సి.బి. 25 ఆంపియర్లదైనచో అది పడిపోదు. దాని దృష్టిలో అంతయు సక్రమమే. కరెంటు భూమిలోనికి పోవుట లేదు గనుక ఆర్.సి.సి.బి.యు పలుకదు. వదులు బిగింపును పసిగట్టు సాధనము మామూలు యింటిపెట్టెలో లేనే లేదు. అందుచేతనే యజమాని కన్నును, ముక్కును అక్కఱకు వచ్చుచున్నవి.

మన తీరమున ఈ బాధ మఱింత హెచ్చు. భీమునిపట్టణమునుండి పూడిమడక వఱకును సముద్రపు గాలిలో ఉప్పు కలదు. ఆ తేమ ఉప్పు పెట్టెలోనికి చేరి ఇనుప స్క్రూలను తినివేయును. సర్వీసు తీగ సాధారణముగా అల్యూమినియము. ఇంటిలోని తీగ రాగి. ఈ రెండు లోహములను నేరుగా మెలిపెట్టి కలిపిన చోట ఉప్పు తేమ తగిలినచో అల్యూమినియము తెల్లని పొడిగా మాఱి అడ్డు పెరుగును. అట్టి చోట రెండు లోహములకును తగిన ప్రత్యేకపు కనెక్టరు వేయించవలెను. ఇంతకు ముందు ఎవరైన మెలిపెట్టి టేపు చుట్టి పోయియున్నచో, ఆ టేపు క్రింద నేమి జరుగుచున్నదో ఈశ్వరునికే యెఱుక.

పరీక్షకు పగటి వేళను ఎన్నుకొనవలెను. వర్షము కురియుచున్నపుడును, గోడ చెమ్మగిలినపుడును మానవలెను. చేతులు పొడిగా తుడిచికొని, పొడి చెప్పులు తొడిగి, ఆఱిన చెక్కపీటపై నిలువవలెను. ఉంగరమును, చేతి గొలుసును తీసివేయవలెను. ఒంటరిగా చేయరాదు, మెయిన్ స్విచ్చి యేదో యెఱిగిన పెద్దవారొకరు ప్రక్కనుండవలెను. కావలసిన పరికరము టార్చిదీపము ఒక్కటియే. చేతిలో వెలుగు నియాన్ టెస్టరును నమ్మి కరెంటు లేదని తీర్మానించుట తగదు. అది వెలుగకపోవుటకు పెక్కు కారణములుండవచ్చును.

రాత్రి దీపములు, పంకాలు, వంటసాధనములు హెచ్చుగా వాడుచున్న అరగంట పిమ్మట ఒకమాఱు పెట్టె ప్రక్కకు పోయి నిలువుడు. వాడుక లేని వేళ చూచినచో గుఱుతులు సగము దాగియుండును. మొదట వాసన. కాగిన ప్లాస్టిక్కు వాసన కొందఱికి ఎండుచేపల వాసనవలె తోచును. వంటింట చేపలు లేని దినమున పెట్టెయొద్ద ఆ వాసన వచ్చినచో ఆలస్యము చేయరాదు. తరువాత చప్పుడు. ఆరోగ్యముగా నున్న పెట్టె మౌనముగా నుండును. తుమ్మెదవలె ఝుమ్మను మ్రోతగాని, నూనెలో ఆవాలు చిటపటలాడినట్టి ధ్వనిగాని వినబడినచో లోపల నొక బిగింపు రవ్వలు రాల్చుచున్నదని అర్థము.

పిమ్మట మూసియున్న మూతపై అఱచేతి వెనుక భాగమును మెల్లగా ఆనించి చూడుడు. మూత యినుపదైనచో అది చేయవలదు. చేయి దగ్గఱ పెట్టినంతనే వేడి తెలియును. కొంచెము వెచ్చగా నుండుట సహజమే. చేయి నిలుపలేనంత వేడిగాని, ఒక ఎం.సి.బి. ఉన్న చోటు మాత్రము ప్రక్కవానికంటె హెచ్చుగా కాగుటగాని అపాయ సూచన. పగటివేళ టార్చి వెలుగులో రంగు చూడుడు. తెల్లని మూత పసుపుబారుట, గోధుమ రంగు మచ్చ, స్విచ్చి మీట చుట్టు నల్లని మసి, కరగి వంగిన అంచు, గోడపై పొగచార అనునవన్నియు జరిగిపోయిన వేడికి సాక్ష్యములు. పెట్టె క్రింది భాగమున త్రుప్పునీటి చారలున్నచో పైకప్పునుండిగాని, తీగ దిగు గొట్టమువెంటగాని నీరు దిగుచున్నదని తెలియవలెను. బల్లులును, చీమలును, కందిరీగలును వెచ్చదనము కోరి పెట్టెలోనికి దూరును. తీగ లోపలికి పోవు కంతలు తెఱచియున్నచో వానిని మూయించవలెను. ధాన్యమున్న యింట ఎలుకలు తీగ తొడుగును కొఱుకుట చెప్పనక్కఱలేదు.

ఎం.సి.బి. మాటిమాటికి పడుచున్నచో దానిని తిట్టుకొని మరల ఎత్తుట మనకు పరిపాటి. పడిన మీటను ఒకమాఱు పూర్తిగా క్రిందికి దించి, ఆ తీగపైనున్న వస్తువులన్నిటిని ఆపి, అప్పుడెత్తుడు. నిలిచినచో వస్తువులను ఒక్కొక్కటిగా వేయుడు. దేనితో పడునో అదియే దోషి. వస్తువులేవియు లేకుండగనే పడినచో దోషము గోడలోని తీగయందున్నది, ఇక ఎత్తరాదు. పెద్ద ఆంపియర్ల ఎం.సి.బి. వేయించుట దీనికి మందు కాదు. తీగ మోయగల బరువును బట్టి ఎం.సి.బి. యుండవలెను. దీపముల తీగకు 6 ఆంపియర్లదియు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగకు 16 ఆంపియర్లదియు వాడుక. ఏసీకిని, గీజరుకును 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ విడివిడిగా వేయించుట మేలు. పాత యిండ్లలోని 1.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియము తీగ సుమారు 10 ఆంపియర్లకు మించి మోయదు; 2000 వాట్ల గీజరు ఒక్కటియే 9 ఆంపియర్ల వఱకు తీసికొనును.

ఫ్యూజుల విషయమున నేను చేసిన తప్పు నిచ్చట చెప్పుకొనుట ధర్మము. ఒక సంవత్సరము చెఱకు గానుగల కాలమున మా యింట ఫ్యూజు దినమునకు రెండుసార్లు కాలుచుండెను. విసిగి, రాగితీగనుండి మూడు పోగులు తీసి మడిచి పింగాణీలో చుట్టితిని. ఆ దినమునుండి ఫ్యూజు కాలలేదు. పనిమంతుడనైతినని సంతసించితిని. పది దినములైన పిదప ఒక రాత్రి మా తల్లిగారు లేచి, “చేపలు కాలినట్లున్నది, ఎవరింట నాయనా?” అని యడిగిరి. ఆ వేళ ఊరంతయు నిద్రించుచున్నది. వెదకగా పెట్టెవెనుక గోడలోని చెక్కబద్ది నల్లబడి పొగలు గ్రక్కుచుండెను. దాని క్రిందనే మఱుసటి పంటకు దాచిన విత్తనపు వడ్ల బస్తాలు గోనెలతో పేర్చియుంటిమి. మెయిన్ తీసి, బస్తాలను ఈడ్చివేసి, తెల్లవాఱువఱకు కావలి కూర్చుంటిమి. కాలవలసినది ఫ్యూజు, దానిని కాలనీయక పోవుటచేత గోడలోని తీగ కాలినది. సరియైన ఫ్యూజుతీగ 5 ఆంపియర్లకు 0.2 మిల్లీమీటర్ల మందమును, 15 ఆంపియర్లకు 0.5 మిల్లీమీటర్ల మందమును గలది. తగరపు పూత వేసిన రాగితో చేసి అంగళ్లలో అమ్ముదురు. ఆ చిన్న చుట్ట ఖరీదు ఒక పూట కాఫీకి మించదు. వీలైనచో పింగాణీ ఫ్యూజులను తీసివేయించి ఎం.సి.బి.లు పెట్టించుట ఉత్తమము. మా యింట ఇప్పుడు బస్తాలు వేఱొక గదిలో నున్నవి.

ఆర్.సి.సి.బి.పై ‘టి’ అను అక్షరముతో నొక చిన్న మీట యుండును. నెలకొకసారి దానిని నొక్కవలెను. వెంటనే స్విచ్చి పడినచో లోపలి యంత్రము పనిచేయుచున్నది. పడకపోయినచో దానిని మార్పించవలెను. ఇండ్లకు వాడదగినది 30 మిల్లీ ఆంపియర్లది. అంత కరెంటు దారి తప్పినచో సెకనులో మూడవ వంతులోపున అది తెగిపోవును. అయితే దీనికి హద్దులు కలవు. ఒకడు ఒక చేత ఫేజును, మఱియొక చేత న్యూట్రలును పట్టుకొన్నచో ఆర్.సి.సి.బి.కి తెలియదు. ఎక్కువ బరువును గూడ అది ఆపదు, అది ఎం.సి.బి. పని. టి మీట సరిగా పనిచేయుటచే మన ఎర్తు బాగున్నదని గూడ అర్థము కాదు. ఎర్తు గుంట వేసవిలో ఎండి గట్టిపడును; దానిలో అప్పుడప్పుడు నీరు పోయుచుండవలెను. గుంటనుండి వచ్చు తీగ త్రెగినదో, బిగింపు త్రుప్పు పట్టినదో పైకి కనబడు మేరకు చూచికొనవలెను. వాషింగు యంత్రమునుగాని, ఫ్రిజ్జునుగాని తాకినపుడు జిల్లుమనిపించుట ఎర్తు లేకపోవుటకు గుఱుతు.

దీపములు మినుకుమినుకుమనుట అందఱు చూచినదే. ఒక్క గదిలో మాత్రమైనచో ఆ గది తీగలో వదులున్నది. ఇల్లంతయు మినుకుమనుచు, ప్రక్కయింట బాగున్నచో మన సర్వీసు తీగలోగాని మెయిన్ స్విచ్చిలోగాని లోపము. వీధి యంతటను ఒకే తీరున నున్నచో మన పెట్టెది తప్పు కాదు. వీనికంటె భయంకరమైనది వేఱొకటి కలదు: కొన్ని దీపములు అమితముగా వెలుగుచుండగా కొన్ని దీపములు మసకబాఱుట. ఇది న్యూట్రలు తీగ త్రెగిన లక్షణము. అప్పుడు 230 వోల్టులకు మాఱుగా 400 వోల్టులకు చేరువగా వచ్చి టీవీలు, ఫ్రిజ్జులు కాలిపోవును. మనుష్యులకును కీడు కలుగును. వెంటనే మెయిన్ దించి, 1912 సంఖ్యకు ఫోను చేసి లైన్‌మానును పిలువవలెను. పొరుగువారికిని చెప్పవలెను, వారి సామానులును అదే న్యూట్రలుపై నున్నవి.

పొలములోని మోటారు స్టార్టరు పెట్టెకును ఈ గుఱుతులే వర్తించును. అక్కడ అదనముగా గమనింపవలసినది ఒక్కటి: మూడు ఫేజులలో నొకటి పోయినపుడు మోటారు తిరుగక మూలుగును. ఆపక వదలినచో చుట్ట కాలును.

తుపానుల సంగతి విడిగా చెప్పవలెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్దనే తీరము దాటినది. స్తంభములు కూలి నగరమునకును, పల్లెలకును పలు దినములు కరెంటు లేకపోయెను. అట్టి వేళ మెయిన్ దించియుంచవలెను. లేనిచో కరెంటు వచ్చిన క్షణమున తడిసిన పెట్టెలో ఏమగునో చెప్పలేము. పెట్టె తడిసినచో, వఱదనీరు దానిని తాకినచో, పైకి ఆఱినట్లు కనబడినను ఎలక్ట్రీషియను పరీక్షింపక మెయిన్ ఎత్తరాదు. నీరు నిలిచిన గదిలో దిగి మెయిన్ తీయబోవుట ప్రాణాపాయము; బయటనుండి 1912కు చెప్పి స్తంభమువద్ద కరెంటు ఆపించవలెను. ఆ దినములలో జనరేటరు తెచ్చి దాని తీగను ఇంటి ప్లగ్గులో గ్రుచ్చు అలవాటు కలదు. ఇది మహాపాపము. మెయిన్ దించనిచో ఆ కరెంటు వెనుకకు పోయి, ట్రాన్స్‌ఫార్మరులో పెరిగి, 11,000 వోల్టుల లైనుపైకి ఎక్కును. కరెంటు లేదని నమ్మి తీగ పట్టిన లైన్‌మాను అచ్చటనే ప్రాణము విడుచును. జనరేటరుకు మార్పు స్విచ్చి తప్పనిసరిగా పెట్టించవలెను.

పెట్టెలో మంట లేచినచో నీరు చల్లరాదు. భయములేక చేరగలిగినచో మెయిన్ దించి, పొడి ఇసుకగాని, పొడిమందు అగ్నిమాపకమునుగాని వాడవలెను. చేరలేనిచో అందఱును బయటికి వచ్చి 101కి ఫోను చేయవలెను. షాకు తగిలినవానిని ముట్టుకొనక ముందు కరెంటు ఆపవలెను. ఆపుట సాధ్యపడనిచో ఆఱిన కఱ్ఱతో తీగను తప్పించి, 108ని పిలువవలెను. ఊపిరి లేనిచో రొమ్ము నడుమ గట్టిగా, వేగముగా నొక్కుచు అంబులెన్సు వచ్చువఱకు ఆపకుండవలెను.

మన సహకార రంగమునకు కరెంటు క్రొత్త విషయము కాదు. సిరిసిల్లలో 1970లోనే రైతులు సహకార విద్యుత్ సంఘము నేర్పఱచుకొనిరి. మన సంఘ గ్రామములలో సభ్యులు పదిమంది కలిసి లైసెన్సు గల ఎలక్ట్రీషియనును ఒక్క దినమునకు పిలిచికొన్నచో ఖర్చు తగ్గును. అతడు వచ్చినపుడు బిగింపులన్నియు సరిచూడుమనియు, తీగల తొడుగు బలమును మెగ్గరుతో కొలువుమనియు, ఎర్తు అడ్డును కొలిచి అంకె చెప్పుమనియు అడుగుడు. అంకె చెప్పక “బాగున్నది” అనువానికి డబ్బు ఇచ్చుటకు తొందరపడరాదు. తీగలు, స్విచ్చిలు ఐ.ఎస్.ఐ. ముద్ర గలవియే కొనుడు. పని ముగిసిన పిదప ఏ మీట ఏ గదిదో తెలుగులో ఒక కాగితముపై వ్రాయించి, తేదీ వేయించి, పెట్టె తలుపునకు లోపలి వైపున అంటింపవలెను. రాత్రివేళ ఇంటి ఆడవారును, పిల్లలును తడుముకొనక మెయిన్ కనుగొనునట్లు దాని మీటపై ఎఱ్ఱరంగు చుక్క పెట్టించుడు.